పెంకు నుంచి పుట్టిన నేల

పండుగ ఏదైనా మన ఇళ్ళలో ముందుగా ముస్తాబయ్యేది నేలే. అలికి ముగ్గు పెట్టనిదే పండుగ గడప దాటి లోపలికి రాదని మన పెద్దల నమ్మకం. అయినా గోడల రంగుల గురించీ, కప్పుకు వేలాడే దీపాల గురించీ గంటలకొద్దీ మాట్లాడుకునే మనం, పుట్టిన నాటి నుంచి మనల్ని మోస్తున్న నేల గురించి మాత్రం ఒక్క మాటా అనుకోం. వృత్తిరీత్యా సివిల్ ఇంజనీరును కాబట్టి ఈ సంచికలో ఆ లోటు కొంత తీర్చాలని నా కోరిక.

జర్మనీలో ఇల్లు కట్టుకున్న మన సభ్యులందరికీ ‘ఎస్ట్రిష్’ అనే మాట పరిచయమే. కాంక్రీటు శ్లాబు మీద, టైల్సుకో చెక్క పలకలకో అడుగున, ఇసుకా సిమెంటూ కలిపి పరిచే పొర అది. మన మేస్త్రీల భాషలో చెప్పాలంటే గచ్చు. ఈ మాట పుట్టుక తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. గ్రీకు భాషలో ‘ఓస్ట్రకోన్’ అంటే పగిలిన కుండపెంకు. అది మధ్యయుగపు లాటిన్‌లో ‘ఆస్ట్రికుమ్’ అయి, పాత జర్మన్‌లోకి దిగి, చివరికి ఎస్ట్రిష్‌గా స్థిరపడింది. అంటే ఇక్కడి నేల పేరులోనే పెంకు దాగి ఉంది.

పెంకుకూ నేలకూ సంబంధం ఏమిటి? క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దపు రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ తన గ్రంథం ఏడవ భాగంలో దీనికి జవాబు రాసిపెట్టాడు. ముందు పిడికెడంత రాళ్ళు పరచాలి. వాటి మీద మూడు పాళ్ళ కంకరకు ఒక పాలు సున్నం కలిపి, దిమ్మిసలతో బాగా కొట్టాలి. ఆపైన మూడు పాళ్ళ పెంకుల పొడికి ఒక పాలు సున్నం చొప్పున కలిపి మరో పొర వేయాలి. సున్నానికి కాల్చిన మట్టి పొడి తోడైతే తడిలోనూ గట్టిపడుతుంది. కొలోన్, ట్రియర్ నగరాలలో రోమన్ల కట్టడాలు చూసినవారు ఈసారి గోడలతోపాటు నేల వైపు కూడా ఒక చూపు వేయండి.

ఇది చదివినప్పుడు నాకు గుంటూరు జిల్లాలోని మా నాయనమ్మగారి ఇల్లు గుర్తుకొచ్చింది. సిమెంటు రాకముందు మన ఊళ్ళలోనూ ఇదే పద్ధతి. ఎద్దులు తిప్పే గానుగలో సున్నం, ఇసుక నలిగేవి. ఇటుకల పొడిని సుర్కీ అనేవారు. బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు కలిపేవారు. ఆ మాలును పరచి, దిమ్మిసలతో కొట్టి, అద్దంలా మెరిసేదాకా రుద్దేవారు. 1591 నాటి చార్మినార్ మీద మనం చూసే నగిషీలు కూడా సున్నపు గచ్చు పనితనమే. రోముకూ మన పల్లెకూ నడుమ ఎవరు ఎవరికి నేర్పారన్న వాదన నాకు అక్కరలేదు. చేతికి దొరికిన పగిలిన వస్తువును పారేయకుండా పనికి తెచ్చుకునే తెలివి ఇద్దరికీ ఉంది.

రోమన్లు వెళ్ళిపోయాక జర్మన్ పల్లెల్లో సామాన్యుల ఇళ్ళకు మట్టి నేలలే మిగిలాయి. బంకమట్టిని తొక్కి, కొట్టి చదును చేసేవారు. కొన్నిచోట్ల గట్టిదనం కోసం ఎద్దు రక్తం కలిపేవారట. మనవాళ్ళు ఆవుపేడతో అలికారు. రెండుచోట్లా పశువే నేలకు ఆధారం! మఠాలలో, చర్చిలలో జిప్సం నేలలు వేసేవారు. హెల్మ్‌స్టెట్‌లోని సెయింట్ లుడ్గేరి మఠంలో 12వ శతాబ్దపు జిప్సం నేల ఇందుకు ఉదాహరణ.

1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందడంతో కథ మారిపోయింది. 1850లో హాంబుర్గ్ దగ్గరి బుక్స్‌టెహూడెలో జర్మనీలో తొలి పోర్ట్‌లాండ్ సిమెంటు తయారైంది. 1878లో దాని నాణ్యతకు ప్రమాణాలు వచ్చాయి. మన దేశంలో 1904లో మద్రాసులో తొలి ప్రయత్నం జరిగింది. 1914లో పోరుబందరులో ఉత్పత్తి నిలదొక్కుకుంది. క్రమంగా మన సున్నపు గానుగలు మూలపడ్డాయి. సిమెంటుకు ఎర్ర రంగు కలిపి నున్నగా రుద్దిన ఎర్ర గచ్చులు వచ్చాయి.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేసరికి జర్మన్ నగరాలు శిథిలాల గుట్టలు. అవి సుమారు 40 కోట్ల ఘనపు మీటర్లని అంచనా. కూలిన ఇళ్ళ ఇటుకలను ఏరి, నలగ్గొట్టి, కొత్త కాంక్రీటులో కలిపారు. పెంకు మళ్ళీ నేల అయింది!

కొత్త అపార్ట్‌మెంట్లలో చెక్క అంతస్తుల బదులు కాంక్రీటు శ్లాబులు వచ్చాయి. శ్లాబు మీద నేరుగా గచ్చు వేస్తే పైఇంటివారి అడుగుల చప్పుడు కిందివారి నెత్తిన పడుతుంది. అందుకే ‘తేలే ఎస్ట్రిష్’ పద్ధతి వ్యాపించింది. శ్లాబు మీద మెత్తటి పలకలు, వాటి మీద ప్లాస్టిక్ కాగితం, గోడల వెంట నురుగు పట్టీ వేసి, గోడనూ శ్లాబునూ ఎక్కడా తాకకుండా గచ్చు పరుస్తారు. ఒక్కచోట మాలు జారి గోడను తాకినా చప్పుడు అక్కడినుంచి దిగిపోతుంది. మన పిల్లలు మూడవ అంతస్తులో కూచిపూడి అడుగులు వేస్తున్నా కిందింటివారు మనతో నవ్వుతూ మాట్లాడుతున్నారంటే, ఆ పుణ్యంలో కొంత ఈ పట్టీదే.

ఇక ఆరడం సంగతి. మన దగ్గర గచ్చు మీద మడులు కట్టి వారం రోజులు నీళ్ళు నిలుపుతాం. ఇక్కడ ఆరబెట్టడానికి తంటాలు పడతారు. ఇదేం తిరకాసని చాలామంది మిత్రులు నన్ను అడిగారు. నిజానికి రెండూ ఒకటే శాస్త్రం. సిమెంటు గట్టిపడడానికి తడి కావాలి. మన ఎండ ఆ తడిని లాగేస్తుంది కాబట్టి నీళ్ళు పోస్తాం. ఇక్కడ తొలి రోజుల్లో కిటికీలు మూసి, గాలి తగలకుండా కాపాడితే చాలు. అసలు తేడా పైన పరిచేదానిలో ఉంది. కడప బండకు కొంచెం తడి తగిలితే ఏమీ కాదు. జిగురుతో అతికించిన చెక్క ఉబ్బిపోతుంది. అందుకే సిమెంటు ఎస్ట్రిష్‌లో తేమ కొలిచి, 2 శాతానికి, అడుగున వేడినీటి గొట్టాలుంటే 1.8 శాతానికి దిగాకే చెక్క పరవాలి. ఆ గొట్టాలలోకి 21 రోజుల తరువాతే వేడి పంపాలి. మొదట 3 రోజులు 25 డిగ్రీల నీరు, ఆపైన 4 రోజులు గరిష్ఠ వేడి.

మా ఇంటి దగ్గర ఇదే పేచీ వచ్చింది. అయిదు వారాలకే చెక్క పరిచేయాలని కట్టించే సంస్థవారు పట్టుబట్టారు. గచ్చు వేసిన మేస్త్రి కొలిచి చూస్తే 3.1 వచ్చింది. ‘నేను సంతకం పెట్టను’ అన్నాడాయన. అద్దె, బ్యాంకు వాయిదా రెండూ మరో రెండు నెలలు కట్టాము. చేతికి బరువైనా ఆయన మాటే నిలిచింది. ఆయన తండ్రి 1961 నాటి ఒప్పందం తరువాత టర్కీ నుంచి వచ్చి, జీవితమంతా మోకాళ్ళ మీద నిలిచి జర్మన్ల ఇళ్ళకు నేలలు వేశాడు. ఆ మోకాళ్ళకు రెండుసార్లు ఆపరేషన్ జరిగిందట.

మన సంఘంలోని డాక్టరు మిత్రులకు ఇది తెలిసే ఉంటుంది. మోకాళ్ళ మీద కనీసం 13,000 గంటలు పనిచేసినవారి కీళ్ళ అరుగుదలను జర్మనీ 2009లో వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. 2004లో ఎత్తివేసిన మేస్త్రి అర్హత నిబంధనను కూడా ఈ వృత్తికి 2020లో తిరిగి తెచ్చింది. పనితనం తగ్గిపోతోందన్న ఆందోళనే అందుకు ఒక కారణం. దేశమంతటా డ్యాములూ భవనాలూ కట్టిన మన పాలమూరు కూలీల గంటలు ఎవరు లెక్కపెట్టారు? నాయనమ్మ ఇంటి గచ్చు రుద్దిన చేతుల పేర్లు మా ఇంట్లో ఎవరికీ తెలియవు.

కనుక సభ్యులకు నా మనవి రెండే మాటలు. ఇక్కడ ఇల్లు కట్టుకుంటున్నవారు తేమ కొలత కాగితం మీద చూడనిదే తొందరపడవద్దు. సెలవులకు ఊరు వెళ్ళినవారు పాత గచ్చును పగలగొట్టి మెరిసే టైల్సు వేయించే ముందు, ఒక్కసారి దానిపై చెప్పులు లేకుండా నడిచి చూడండి. తరాలు గడిచినా చల్లగా, నున్నగా ఉన్న ఆ నేలను మళ్ళీ వేయగల చేతులు ఇప్పుడు అరుదు.

మీ అందరి అడుగులూ చల్లని నేల మీద పడాలని కోరుకుంటూ, పండుగ శుభాకాంక్షలతో సెలవు.