వెండి వెళ్లిపోయాక మిగిలిన ఊరు

చైనాలోని పింగ్యావోకు రెండు రైల్వే స్టేషన్లున్నాయి. 2014లో తెరిచిన కొత్తది ఊరికి దూరంగా ఉంటుంది. హైస్పీడ్ రైళ్లు ఆగేది అక్కడే. బీజింగ్‌లో పొద్దున్నే ఎక్కితే మధ్యాహ్న భోజనం వేళకు దిగిపోవచ్చు. పాతది ఊరి చుట్టూ ఉన్న కోటగోడకు నడిచి వెళ్లేంత దగ్గర. భుజాన సంచీ తగిలించుకుని చైనా చూడబోయేవాళ్లకు నేను పాత స్టేషనే చెబుతాను. అక్కడికి వచ్చేవి నిదానంగా నడిచే మామూలు బళ్లు. అటు మూడు, ఇటు మూడు బెర్తులు. ప్రతి పెట్టెలోనూ వేణ్నీళ్ల బాయిలరు, దాని ముందు నూడుల్స్ డబ్బాలతో, టీ ఆకు వేసుకున్న సీసాలతో జనం. టికెట్టు పాస్‌పోర్టు చూపిస్తేనే ఇస్తారు. షాన్షీ రాజధాని తాయ్‌యువాన్ దాటాక బండి ఫెన్ నది లోయ వెంట దక్షిణానికి సాగుతుంది. షాన్షీ రాష్ట్రపు పసుపు మట్టినేల కిటికీలోంచి తీరిగ్గా కనిపిస్తుంది. ఆ మట్టిని చూసిన కళ్లతో కోటగోడను చూడాలి. ఎందుకంటే ఆ గోడ లోపలంతా దిమ్మిసతో కొట్టి బిగించిన మట్టే, ఇటుక పైపొర మాత్రమే.

ఈ లోయలో మొదట పరిచినవి మీటరు గేజి పట్టాలు. 1930లలో షాన్షీని ఏలిన సైనిక పాలకుడు యెన్ షీషాన్ వేయించాడు. బయటి సైన్యాల బళ్లు తన రాష్ట్రంలోకి రాకుండా ఇరుకు పట్టాలు వేశాడని జనం చెప్పుకుంటారు. ఖర్చు తగ్గుతుందన్న లెక్క కూడా ఉంది. ఏమైనా ఆ రైలు పింగ్యావోకు ఆలస్యంగా వచ్చింది. అప్పటికే ఊళ్లో డబ్బు లేదు.

అంతకు ముందు ఉన్న డబ్బు తక్కువది కాదు. షాన్షీ వర్తకులు మింగ్ రాజుల కాలంలో సరిహద్దు సైన్యాలకు ధాన్యం చేరవేసి, బదులుగా ఉప్పు అమ్ముకునే హక్కు సంపాదించారు. తర్వాత మంగోలియా గుండా రష్యా సరిహద్దు దాకా టీ మోశారు. వ్యాపారం అంత దూరం పాకితే సొమ్ము కూడా అంత దూరం నడవాలి. ఆ రోజుల్లో సొమ్మంటే వెండి కడ్డీలు. బళ్ల మీద వేసి, కత్తులూ బల్లేలూ పట్టిన కాపలావాళ్లను తోడిచ్చి పంపేవారు. దారిలో దొంగల భయం, నెలల ఆలస్యం. పింగ్యావోలో రంగుల వ్యాపారం చేసే ఒక దుకాణానికి బీజింగ్‌లోనూ శాఖ ఉండేది. తెలిసినవాళ్లు ఇక్కడ వెండి జమచేసి అక్కడ తీసుకోవడం మొదలుపెట్టారు. ఆ దుకాణం మేనేజరు లేయ్ ల్యూతాయ్ దీన్నే అసలు వ్యాపారంగా మార్చాడు. 1823 ప్రాంతంలో ఆ రంగుల కొట్టు రిషెంగ్‌చాంగ్ అనే పేరుతో చైనాలో మొట్టమొదటి పియావ్‌హావ్ అయింది. మన వర్తకుల హుండీ తెలిసినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒక ఊళ్లో వెండి కట్టి కాగితం తీసుకోవడం, ఇంకో ఊళ్లో కాగితం ఇచ్చి వెండి తీసుకోవడం, అంతే.

ఆ కాగితాన్ని కాపాడుకున్న తీరే నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. కాగితంలో కనపడని నీటిముద్ర. రాసేది ఎప్పుడూ నియమించిన గుమాస్తాయే, అతని దస్తూరీ శాఖలన్నిటికీ తెలుసు. నెలకు, తేదీకి, మొత్తానికి అంకెల బదులు అక్షరాలు. పన్నెండు నెలలకు పన్నెండు, ముప్ఫై రోజులకు ముప్ఫై. వాటిని వరసగా చదివితే నీతి చెప్పే పద్యంలా ఉంటుంది కాబట్టి గుమాస్తా కంఠస్థం చేసేవాడు. కొంతకాలానికి ఆ వరస మార్చేసేవారు. యంత్రం లేదు, పోలీసు లేడు. నోటికొచ్చిన పద్యమూ, తెలిసిన చేతిరాతా దేశమంతటి వెండికి తాళాలు.

పెట్టుబడి పెట్టిన యజమాని రోజువారీ వ్యవహారంలో వేలు పెట్టేవాడు కాదు. పనిచేసేవాళ్లకు జీతంతో పాటు, అనుభవాన్ని బట్టి లాభంలో వాటా దక్కేది. రూపాయి పెట్టకుండా, తన శ్రమనే వాటాగా పెట్టినట్టు. బదులుగా వాళ్లు పెట్టింది చిన్నది కాదు. దూరపు శాఖకు వెళ్లినవాడు మూడేళ్లపాటు ఇంటి మొహం చూడడు. భార్యాబిడ్డలను వెంట తీసుకెళ్లకూడదు. ఇవాళ బస చేసే ప్రతి పాత లోగిలిలోనూ ఆ ఎదురుచూపు గడిచే ఉంటుంది. ఆ ఆడవాళ్ల పేర్లు ఏ ఖాతాలోనూ లేవు.

ఆ లోగిళ్లే ఇప్పుడు యాత్రికుల బసలు. వీధి వైపు కిటికీల్లేని ఎత్తైన గోడ. లోపల పొడుగాటి ఇరుకు వాకిలి, చుట్టూ గదులు. రెండు పక్కల ఇళ్ల కప్పులూ వాకిలి వైపే వాలి ఉంటాయి. పడిన వాన పొరుగింటికి పోకుండా సంపదలాగా మన వాకిట్లోకే రావాలని నమ్మకం. వానలు అరుదైన నేల మీద అది మూఢనమ్మకంగా నాకు అనిపించదు. వెనక వైపు పెద్దగది గుహలా ఇటుక కమానుతో ఉంటుంది. పడుకునేది కాంగ్ మీద. గది గోడ నుంచి గోడ దాకా కట్టిన ఇటుక అరుగు అది, పొయ్యి పొగ దాని కిందుగా పోయి వెచ్చబరుస్తుంది. చలికాలంలో ఇంటిల్లిపాదీ దాని మీదే తిని, దాని మీదే పడుకునేవారు. పక్కనే ఉన్న చీషియెన్‌లో చియావ్ కుటుంబపు మహా భవంతి ఉంది. 1991లో వచ్చిన రైజ్ ది రెడ్ లాంటర్న్ సినిమా తీసింది అక్కడే. చూడవలసిందే, కానీ ఒక రాత్రి గడపడానికి పింగ్యావోలోని మామూలు గుమాస్తా ఇల్లు మేలు.

ఆ వైభవం కూలడానికి ఎంతో కాలం పట్టలేదు. విదేశీ బ్యాంకులు, తీరనగరాల్లో కొత్త పద్ధతి బ్యాంకులు వచ్చాయి. 1905లో పెట్టిన ప్రభుత్వ బ్యాంకులో చేరమని అడిగితే షాన్షీ పెద్దలు ఒప్పుకోలేదు. 1911 విప్లవంలో చింగ్ రాజ్యం పోయింది, దానితో పాటు పియావ్‌హావ్‌లు ఇచ్చిన అప్పులూ పోయాయి. రిషెంగ్‌చాంగ్ 1914లో దివాలా తీసింది. వెండి షాంఘైకి తరలిపోయింది. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకునే స్తోమతు ఊళ్లో ఎవరికీ మిగల్లేదు. 1370లో మింగ్ రాజ్యం కట్టించిన ఆరు కిలోమీటర్ల గోడా, లోపలి వేలాది లోగిళ్లూ నిలబడటానికి మొదటి కారణం ఈ పేదరికమే. బీజింగ్ గోడలు మెట్రో కోసం, రోడ్ల కోసం కూలిపోయిన ఏళ్లలో ఈ ఊరి జోలికి ఎవరూ రాలేదు.

పేదరికం ఎల్లకాలం కాపలా కాయదు. 1980ల మొదట్లో పింగ్యావోకు కూడా అభివృద్ధి ప్రణాళిక వచ్చింది. పాత ఊరి మధ్యనుంచి వెడల్పాటి రోడ్లు వేయాలని కూల్చివేతలు మొదలయ్యాయి. షాంఘైలోని టోంగ్జీ విశ్వవిద్యాలయంలో నగర నిర్మాణం బోధించే రువాన్ యీసాన్‌కు ఈ సంగతి తెలిసింది. విద్యార్థులను వెంటబెట్టుకుని వచ్చి, ఊరంతా కొలిచి, వేరే ప్రణాళిక గీశాడు. కొత్త ఊరు గోడ బయట కట్టండి, పాతదాన్ని ముట్టుకోవద్దు. ఇంతే దాని సారం. ఆ కాగితాలతో బీజింగ్ వెళ్లి పెద్ద నిపుణులను కదిలించాడు. కూల్చివేత ఆగింది, గోడ మరమ్మతుకు డబ్బు వచ్చింది. 1986లో దేశం దీన్ని చారిత్రక నగరంగా గుర్తించింది. 1997లో యునెస్కో జాబితాలో చేరింది. దక్షిణాన కాలవల ఊరు ఝౌజువాంగ్‌కు పోయినా రువాన్ పేరు వినిపిస్తుంది. యాత్రికులు పింగ్యావోలో లేయ్ ల్యూతాయ్ పేరు నేర్చుకుని వస్తారు. రువాన్ పేరు కూడా నేర్చుకోవాలని నా కోరిక.

డబ్బు ఇప్పుడు తిరిగొచ్చింది. పెద్దవీధి నిండా ఎర్రలాంతర్లు, వెనిగర్ కొట్లు, ఊరి పేరుతోనే అమ్మే గొడ్డుమాంసం. బడులూ ఆఫీసులూ చాలావరకు గోడ బయటికి పోయాయి, వాటి వెనకే కుటుంబాలూ పోయాయి. ఇళ్లు నిలిచి మనుషులు పలచబడిన ఊరుగా మారుతుందన్న బెంగ నాకు ఉంది. అందుకే బస వెతికేటప్పుడు, ఇంటివాళ్లు ఇంకా ఒక పక్క కాపురముంటున్న లోగిలిని అడగండి. పెద్దవీధి వదిలి గోడ వారగా ఉన్న సందుల్లోకి వెళితే అలాంటివి ఇంకా దొరుకుతాయి, బట్టలు ఆరేసిన వాకిళ్లతో. గోడ మాత్రం రాయి కాదు, మట్టి అని గుర్తుంచుకోవాలి. 2021 అక్టోబరులో ఆగకుండా కురిసిన వానలకు దాదాపు 25 మీటర్ల మేర లోపలి వైపు జారిపోయింది. దాన్ని మళ్లీ నిలబెట్టారు. కానీ వానలు పెరుగుతున్నాయి, ఈ నేలలో గోడ కట్టినవాళ్లు అంత వానను ఊహించి కట్టలేదు.