చక్రానికి ఒక షాకా, రెండా?

కృష్ణా డెల్టాలో చక్రానికి సుఖం ఆలస్యంగా వచ్చింది. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక ఇక్కడి జనానికి కుదుపు తెలియని ప్రయాణం పడవదే. బండివాడికి మిగిలింది కాలువ గట్టు. వానాకాలంలో నల్లరేగడిలో చక్రాలు దిగబడి గాడి పడేది. ఎండలు ముదిరితే ఆ గాడే ఎండి రాయిలా బిగుసుకునేది. నాటు ఎద్దుబండికి స్ప్రింగనేది లేదు. బండి బరువంతా ఇరుసు మీదే. గతుకులో పడితే అదిరేది ఎక్కినవాడి నడుమే.

జట్కాది వేరే దారి. దాని కింద ఇనప కమానులుండేవి. ఒకదాని మీద ఒకటి పేర్చిన వంపు పట్టీలతో గుర్రబ్బండికి స్ప్రింగు కట్టే పద్ధతికి లండన్‌లో ఒబాడయా ఇలియట్ 1804లో పేటెంటు తీసుకున్నాడు. రేపల్లెకి రైలు 1916లో వచ్చింది. స్టేషన్ల బయట సవారీ కోసం ఎదురుచూసిన జట్కాల కింద ఉన్నది ఆ పాత ఊహే. ఎద్దుబండికి మాత్రం స్ప్రింగు కన్నా ముందు గాలి దక్కింది. బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం చేసి 1888లో పేటెంటు తీసుకున్న గాలి టైరు చివరికి మన ఎద్దుల దాకా వచ్చింది. ‘డన్‌లప్ బండి’ అంటే పల్లెల్లో ఇప్పటికీ అర్థమవుతుంది.

స్ప్రింగుతో ఒక చిక్కుంది. అది కుదుపును మింగదు, అప్పుగా తీసుకుని వెంటనే తిరిగిచ్చేస్తుంది. గుంటలో ఒక్కసారి పడిన బండి నాలుగుసార్లు ఊగుతుంది. జట్కా వేగానికి ఆ ఊపును కమాను పట్టీల మధ్య రాపిడే ఆపేసేది. మోటారు వచ్చాక ఆ రాపిడి చాల్లేదు. ఫ్రాన్సులో ట్రూఫో అనే ఆయన బిళ్ళల రాపిడితో ఊపును అణిచే సాధనం చేస్తే, అమెరికన్ ఎడ్వర్డ్ హార్ట్‌ఫర్డ్ దాన్ని తన దేశానికి పట్టుకెళ్ళి 20వ శతాబ్దం మొదట్లో కార్లకి బిగించాడు. 1908లో ఫ్రాన్సుకే చెందిన ఊడాయ్ రాపిడి వదిలేసి నూనెను నమ్ముకున్నాడు. ఇప్పటి షాక్ అబ్జార్బర్లన్నీ దాదాపు ఆ వంశమే. గొట్టంలో నూనె, నూనెలో పిస్టను, పిస్టనుకు సన్నని బెజ్జాలు. చక్రం ఎగిరితే నూనె ఆ బెజ్జాల్లోంచి దూరి వెళ్ళాలి, ఆ కష్టంలో కుదుపు వేడిగా మారిపోతుంది. ఒకటా, రెండా అన్న తగవంతా ఈ వేడి దగ్గరే మొదలైంది.

1941 నాటి విల్లీస్ జీపుకి నాలుగు చక్రాలకూ కమాను కట్టలు, చక్రానికొక గొట్టం షాకు. 1947లో మహీంద్రా ఇక్కడ ఆ జీపును బిగించడం మొదలుపెట్టింది. తర్వాత పోలీసు, రెవెన్యూ, ఇరిగేషన్ అధికారులు ఎక్కినవీ, ఆ తర్వాత బాడుగకి జనాన్ని కుక్కుకుని తిరిగినవీ ఆ వంశం జీపులే. కరకట్ట మీద జీపు ఇరవై, ముప్ఫై కిలోమీటర్ల వేగం దాటదు. ఆ వేగంలో షాకులో నూనె మరిగేదేం లేదు. రెండో షాకు అడగాల్సిన అవసరమే డెల్టాకి పడలేదు.

పడింది మెక్సికో ఎడారికి. 1967లో బాహా కాలిఫోర్నియాలో ‘మెక్సికన్ 1000’ పందెం మొదలైంది. గెలిచిన బగ్గీ టిహువానా నుంచి లా పాజ్‌కి చేరడానికి 27 గంటలు దాటింది. పొద్దుగూకులూ రాళ్ళ మీద, ఇసక మీద వేగం తగ్గించకుండా తోలితే షాకులోని నూనె కాగి పలచబడుతుంది. గాలి కలిసి నురగ కడుతుంది. అప్పుడు షాకు ఉన్నా లేనట్టే, బండి మళ్ళీ జట్కా అయిపోతుంది. దానికి పందెగాళ్ళు కనిపెట్టిన విరుగుడు నాటువైద్యం లాంటిదే: చక్రానికి రెండేసి షాకులు, కొందరైతే మూడేసి. వేడిని పంచుకుంటాయి, ఒకటి విరిగినా రెండోదానితో ఊరు చేరొచ్చు. చూడ్డానికి దర్జాగా కూడా ఉంటాయి, ఆ సంగతి దాచడం దేనికి? 1980 నాటికి ఫోర్డ్ తన బ్రాంకోకి, పికప్పుకి ముందు చక్రాల దగ్గర జంట షాకుల్ని కంపెనీ నుంచే ఇచ్చింది.

సరిగ్గా ఆ 1970ల్లోనే మోటారుసైకిలు ఎదురు దారి పట్టింది. దానికి రెండు షాకులు పుట్టుకతో వచ్చినట్టుంటాయి గానీ, వెనక చక్రానికి అసలు స్ప్రింగు ఉండొచ్చా అన్నదే ఒకప్పుడు వివాదం. బురదలో, రాళ్ళలో నడిపే ట్రయల్స్ బండికి వెనక బిగువుగా ఉంటేనే పట్టు అని నమ్మేవారు. 1948లో ఇంగ్లండులో కోల్‌మోర్ కప్ ట్రయల్‌కి రాయల్ ఎన్‌ఫీల్డ్ రెండు షాకులతో, ఊగే వెనక చేతితో కొత్త బుల్లెట్‌ను దింపింది. ఆ ఏడే ఆరు రోజుల అంతర్జాతీయ పోటీలో బుల్లెట్లు బంగారు పతకాలు తెచ్చాయి. 1950ల మధ్యలో మద్రాసులో దాన్ని బిగించడం మొదలైంది. మన రోడ్ల మీద పెద్దరైతు బండిగా పేరు పడ్డ బుల్లెట్ అసలు ఆఫ్‌రోడ్‌లో పరీక్ష రాసి వచ్చిందన్నమాట.

రెండు షాకుల్నీ చక్రం పక్కనే నిలబెడితే షాకు ఎంత కుంగితే చక్రం అంతే లేస్తుంది. మోటోక్రాస్‌లో గెంతే బండికి అది చాలదు. బెల్జియం ఇంజనీరు లూసియాన్ టిల్కెన్స్ ఒకే పెద్ద షాకును సీటు కిందికి పడుకోబెట్టి, వెనక చేతిని త్రికోణంగా కట్టాడు. షాకు కొంచెం కదిలితే చక్రం చాలా కదులుతుంది. ఆ ఆలోచనని యమహా కొనుక్కుంది. 1973లో దానితోనే హకాన్ అండర్సన్ 250 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచాడు.

కార్లు ఒకటి నుంచి రెండుకీ, బైకులు రెండు నుంచి ఒకటికీ పోవడం వెనక కారణం ఒకటే: చక్రం ఇంకా ఎక్కువ లేవాలి, షాకు కాగిపోకూడదు. లెక్క ముఖ్యం కాదని తర్వాత కార్లూ తేల్చాయి. ఫ్రాన్సులో డి కార్బన్ అనే ఆయన అంతకు ముందే నూనెకి తోడు నైట్రోజన్‌ను ఒత్తిడితో నింపిన ఒంటిగొట్టం షాకు చేశాడు. ఒత్తిడి కింద నూనె నురగ కట్టదు. 1957లో బిల్‌స్టైన్ అనే కంపెనీ దాన్ని మెర్సిడెస్ కార్లకి అందించింది. దానికే విడిగా నూనె డబ్బా తగిలించి, గొట్టం లావు పెంచాక ఎడారి బళ్ళలోనూ చాలామంది జంట షాకులు విప్పేశారు.

మన దగ్గర ఒంటి షాకును మామూలు జనానికి అలవాటు చేసినది 2004 నాటి హోండా యూనికార్న్. 2016లో వచ్చిన హిమాలయన్ బండిలో ఎన్‌ఫీల్డే జంటను వదిలింది. 2019లో హీరో ఎక్స్‌పల్స్ కూడా ఒంటి షాకుతోనే వచ్చింది. ఒంటి షాకు బండా, జంట షాకుల బండా, ఏది కొనాలని బాపట్ల ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాడు అడిగితే ఒంటి షాకు బండే అంటాను. తెనాలి పక్క రైతు అడిగితే అనను. 75 కిలోల ధాన్యం బస్తా వెనకేసుకుని గట్టు మీద పోయేవాడికి జంట షాకులే మేలు. రింగు తిప్పి రెండు స్ప్రింగులనూ బిగించుకోవచ్చు, సీలు పోతే నూనె కారడం కంటికి కనిపిస్తుంది, ఏ ఊళ్ళోనైనా మార్చేస్తారు. రెండు పక్కలా ఒకే మెట్టులో పెట్టడం మాత్రం మరవకూడదు. ఒంటి షాకు కింద లింకులూ బేరింగులూ ఉన్న బళ్ళలో రేగడి బురద అక్కడే చేరి ఎండుతుంది, విప్పి గ్రీజు పెట్టే ఓపిక ఉండాలి.

జీపుకి రెండో షాకు వెల్డింగు చేయించాలన్న సరదా కూడా కొందరికుంది. ఉన్నదానంత గట్టి షాకునే పక్కన చేరిస్తే అణిచే బలం రెట్టింపై, ఖాళీ జీపు చెక్కబండిలా తన్నుతుంది. రెండూ మెత్తనివై ఉండాలి. చోటు చాలక ఏటవాలుగా బిగిస్తారు, 45 డిగ్రీలు వాలితే దాని పని సగానికి పడిపోతుంది. బాపట్ల దాటి సూర్యలంక సముద్రపు ఇసకలో దిగబడ్డ జీపుకి షాకులు ఎన్నున్నా ఒకటే, ముందు టైర్లలో గాలి తగ్గించాలి. పైగా ఆ ఉప్పు గాలికి షాకు రాడ్డు మీద తుప్పు చుక్క లేచిందంటే, కదిలినప్పుడల్లా సీలును కోసేస్తుంది. చక్రానికి రెండు షాకులున్న జీపు సూర్యలంక నుంచి, నిజాంపట్నం నుంచి వచ్చినప్పుడల్లా మంచినీళ్ళతో కడిగి తుడవాల్సిన రాడ్లు ఎనిమిది.