మూడు సంతకాల నకలు

మూసీ వరదలు 1908లో హైదరాబాద్ నగరాన్ని ముంచెత్తిన తరువాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో 1935 నాటికి కట్టించిన మొజంజాహీ మార్కెట్ పేరు చెప్పగానే రాతి గోడలు, గడియారపు బురుజు, ఐస్‌క్రీం దుకాణాలు గుర్తుకు రావడం సహజం. అయితే అక్కడి నుంచి నాంపల్లి వైపు సాగే ముకర్రంజాహీ రోడ్డుకు కాగితాల చరిత్ర కూడా ఉంది. రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ ప్రధాన కార్యాలయం ఈ దారిలోనే ఉంది. ఒక కార్యాలయంలో పలువురు కలిసి చేసే పనిని కంప్యూటర్ ఎంత లోతుగా మార్చగలదో తెలుగునాట పెద్దయెత్తున చూపిన శాఖల్లో అది ముందువరసలోది.

పాత పద్ధతికి ఆధారం పుస్తకం. స్థిరాస్తి దస్తావేజులను 1వ పుస్తకంలోకి, వీలునామాలను 3వ పుస్తకంలోకి వరుస తప్పకుండా ఎక్కించాలనీ, పేర్లకూ ఆస్తులకూ వేర్వేరు సూచికలు ఉంచాలనీ 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం నిర్దేశించింది. అమ్మకపు దస్తావేజు దాఖలైన తరువాత ఆస్తికి విలువ కట్టడం, స్టాంపు సుంకం సరిచూడటం, రుసుము తీసుకోవడం, సబ్ రిజిస్ట్రార్ ఎదుట వేలిముద్రలు వేయించడం వంటి 13 దశలు చేతులు మారుతూ సాగేవి. ఆపైన నకలు గుమాస్తా దస్తావేజును పొల్లుపోకుండా చేత్తో సంపుటిలోకి ఎత్తి రాస్తే, ఒకరు మూలాన్ని పైకి చదువుతుండగా మరొకరు నకలును సరిచూసేవారు. రాసినవారు, చదివినవారు, సరిచూసినవారు ముగ్గురూ నకలు చివర సంతకాలు చేసేవారు. ఏ అక్షరానికి ఎవరు జవాబుదారో నూరేళ్ల తరువాత కూడా చెప్పగల ఈ ఏర్పాటు, సమష్టి పనికి మన కార్యాలయాలు కనిపెట్టుకున్న గొప్ప సాధనాల్లో ఒకటి.

దాని లోపం మరోచోట ఉంది. కుట్టి బైండు చేసిన సంపుటి ఒక వేళకు ఒకరి చేతిలోనే ఉంటుంది. ఆస్తిపై తాకట్టులు, పాత అమ్మకాలు ఏవైనా ఉన్నాయా అన్నది తెలిపే పత్రాన్ని ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ అంటారు, వాడుకలో అది ఈసీ. దానికోసం గుమాస్తా పదిహేనేళ్ల సూచికలు తిరగేయాల్సి వచ్చేది. అదే సంపుటి నకలు గుమాస్తా బల్ల మీద ఉంటే వెతుకులాట ఆగిపోయేది, అర్జీదారు మళ్లీ మళ్లీ తిరగాల్సి వచ్చేది.

ఐఏఎస్ అధికారి జె. సత్యనారాయణ ఆధ్వర్యంలో రూపొంది, 1998 నవంబర్ 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 214 కార్యాలయాల్లో మొదలైన 'కార్డ్' అనే రిజిస్ట్రేషన్ల కంప్యూటరీకరణ పథకం ఈ చిక్కును విప్పింది. సమష్టి పనికి తోడ్పడే సాంకేతికత అంటే, వేర్వేరు బల్లల దగ్గరున్నవారికి ఒకే సమాచారం ఒకే వేళ అందుబాటులో ఉండి, ఒకరి పని ముగియగానే తరువాతివారి పని మొదలయ్యే ఏర్పాటు. కార్యాలయంలోని కంప్యూటర్లన్నీ ఒకే సర్వర్‌కు, అంటే ఉమ్మడి సమాచార నిలయానికి, కలిపినందువల్ల విలువ కట్టేవారికీ ఈసీ వెతికేవారికీ ఒకే నమోదు ఒకేసారి దొరికింది. దస్తావేజు ప్రతిబింబాన్ని స్కానర్ తీసుకోవడంతో నకలు రాత అవసరం తీరింది. రోజులు పట్టే ఈసీ నిమిషాల్లో చేతికి వచ్చింది. ఈ మార్పుకు వెల ఎక్కడ చెల్లించారన్నది మరువరానిది: వెనకటి పదిహేనేళ్ల సూచికలను ఒక్కొక్క పద్దుగా కంప్యూటర్‌లోకి ఎక్కించినవారి శ్రమ లేకపోతే కొత్త యంత్రం దగ్గర వెతకడానికి ఏమీ ఉండేది కాదు. అయితే మొదట్లో ప్రతి కార్యాలయమూ తన నాలుగు గోడల మధ్యనే కలిసి పనిచేసింది; కార్యాలయాలను ఒకదానితో ఒకటి జోడించడం తరువాతి కాలపు పని.

ఆ పదిహేనేళ్ల గీటు నేటికీ చెరగలేదు. తెలంగాణలో ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే లభిస్తుంది; అంతకు ముందరి లావాదేవీ కావలసినవారి కోసం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఎవరో ఒకరు బీరువా తెరిచి, పాత సంపుటిని దించి, మూడు సంతకాలున్న ఆ నకలు దాకా పుటలు తిప్పవలసిందే.