తప్పిపోయిన కుమారుడి కథ – వెలుపలి తెలుగు

క్రైస్తవులు కానివారు, అసలు ఏ మతాన్నీ నమ్మనివారు బైబిలును ఏ దృష్టితో చదవాలి అన్న ప్రశ్నకు సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. నీతి కోసమని కొందరు, పాశ్చాత్య సాహిత్యం అర్థం కావడానికని కొందరు అంటారు. రెండూ కాదనలేనివే. అయితే తెలుగునాటికి వెలుపల స్థిరపడిన మనకు మరో కారణం కూడా ఉంది. మన పూర్వుల ఇళ్లలోని తెలుగుకు నూరేళ్లు దాటిన అచ్చు సాక్ష్యం ఆ గ్రంథంలోని ఒక కథ ద్వారా మిగిలింది.

జార్జి గ్రియర్సన్ 1894లో ప్రారంభించిన లింగ్విస్టిక్ సర్వే ఆఫ్ ఇండియా ప్రతి మాండలికానికీ మూడు నమూనాలు కోరింది: లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుడి ఉపమానం, స్థానికంగా చెప్పుకొనేది ఏదైనా ఒకటి, పదాల, వాక్యాల పట్టిక. ఉపమానాన్ని ఎన్నుకోవడానికి గ్రియర్సన్ చెప్పిన కారణం భక్తి కాదు, వ్యాకరణం. మూడు పురుషల సర్వనామాలు, విభక్తుల్లో చాలా భాగం, క్రియకు మూడు కాలాలు ఆ చిన్న కథలోనే దొరుకుతాయి. భారతీయుల మనోభావాలను దృష్టిలో ఉంచుకొని మాటల్లో స్వల్పమైన మార్పులు చేశారు. (మూలంలో కొవ్విన దూడను కోసి విందు చేస్తారు. మార్పు ఎందుకు అవసరమైందో ఊహించవచ్చు.)

మద్రాసు ప్రెసిడెన్సీ, హైదరాబాదు, మైసూరు సంస్థానాలు సర్వే పరిధిలో లేవు. అంటే తెలుగుకు పుట్టినిల్లయిన సీమలే బయట ఉండిపోయాయి. స్టెన్ కోనో సిద్ధపరచిన నాలుగో సంపుటం (1906) తెలుగు మాండలికాలుగా పేర్కొన్నవాటిలో చాందా జిల్లా (నేటి చంద్రపూర్) కోమటావు, సాలెవారి, బెళగావి ప్రాంతపు దాసరి, బొంబాయి వైపు వడరి, కామాఠీ ఉన్నాయి. వ్యాపారులు, నేతగాళ్లు, రాళ్లు కొట్టేవాళ్లు, కట్టడపు కూలీలు. మన సాహిత్య చరిత్రల్లో వీరి మాటతీరుకు చోటు దాదాపు లేదు.

అయితే అనువాదం సహజ సంభాషణ కాదు. ఎదుట ఉన్న వాక్యం పోకడ అనువదించేవాడికి తెలియకుండానే అంటుకుంటుంది. అందుచేత ఉపమానం ఒక్కదాన్నే పట్టుకొని ఒక మాండలికపు వాక్యనిర్మాణాన్ని నిర్ణయించడం మాకు సమ్మతం కాదు. పదరూపాలకు, ప్రత్యయాలకు మాత్రం అది గట్టి ఆధారమే.

కేవలం నమూనాగా చదివితే కథకు అన్యాయం చేసినట్లే. తండ్రి బతికుండగానే వాటా పంచమన్న చిన్నకొడుకు, పరదేశంలో కరువు, పందులు మేపే కూలి, తిరిగి వస్తున్నవాణ్ణి చూసి పరుగెత్తిన తండ్రి. వీటిని గ్రహించడానికి విశ్వాసంతో పనిలేదు, వలస వెళ్లిన ఇళ్లవారికి మరీ పనిలేదు. చివర పెద్దకొడుకు అలిగి ఇంట్లోకి రాడు. వచ్చినవాణ్ణి తన తోబుట్టువు అనడు, తండ్రితో 'నీ కొడుకు' అంటాడు. తండ్రి ఆ మాటను తిప్పి, వాడు నీ తోడబుట్టినవాడని గుర్తుచేస్తాడు. అక్కడ గ్రీకు మూలంలో ఉన్న 'అదెల్ఫోస్' అన్నకూ తమ్ముడికీ ఒకటే. తెలుగులో 'తోడబుట్టినవాడు' వంటి మాటలున్నా, ఇంటి వాడుక వేరు. సాధారణంగా 'తమ్ముడు' అని తేల్చి చెబుతాం. అలా అనగానే పెద్దవాడిమీద బాధ్యత కూడా వచ్చి పడుతుంది. మూలంలో పైకి చెప్పని ఆ బరువు మన బంధువాచకంలోనే ఉంది.

విద్యార్థులు తమ ఇంటి పెద్దల చేత ఈ కథను ఇంటి తెలుగులో చెప్పించి, ఆ చోట వారు ఏ మాట వాడారో రాసుకొని, 1906 సంపుటంలోని రూపాలతో పోల్చి చూడవచ్చు.