కీమోకు లొంగని కిడ్నీ క్యాన్సర్

1968లో బోస్టన్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రికి ఒకాయన పిత్తాశయం ఆపరేషన్ కోసం వచ్చాడు. పాత కాగితాలు తిరగేసిన కుర్ర సర్జన్ స్టీవెన్ రోజెన్‌బర్గ్ నిర్ఘాంతపోయాడు. పన్నెండేళ్ల కిందట ఆయనకు కడుపులో క్యాన్సర్. కాలేయానికీ పాకిందని, ఇక చేసేదేమీ లేదని ఇంటికి పంపేశారు. ఇప్పుడు పొట్ట తెరిచి చూస్తే గడ్డ ఆనవాలే లేదు! ఆయన రక్తాన్ని మరో క్యాన్సర్ రోగికి ఎక్కించి చూశాడు రోజెన్‌బర్గ్. ఏమీ జరగలేదు. ఆ గడ్డ ఎలా మాయమైందన్న ప్రశ్న మాత్రం ఆయన్ని వదల్లేదు.

ఇలాంటి వింతలు కిడ్నీ క్యాన్సర్ వైద్యులకు తెలిసినవే. జబ్బు పడిన కిడ్నీ తీసేశాక ఊపిరితిత్తుల్లోని గడ్డలు వాటంతటవే కరిగిన కేసులు, అరుదుగానైనా, నమోదయ్యాయి. కీమోథెరపీకి లొంగని జబ్బు ఒంట్లోని రక్షక కణాలకు లొంగుతుందేమోనన్న ఆశకు అదో ఆధారం.

1976లో ఆ రక్షక కణాల్లో ఒక రకమైన టీ కణాలను పెంచే ఇంటర్‌ల్యూకిన్-2 అనే ప్రొటీన్ బయటపడింది. బెథెస్డాలోని జాతీయ క్యాన్సర్ సంస్థలో రోజెన్‌బర్గ్ దాన్ని భారీ మోతాదుల్లో వాడారు. రక్తనాళాల్లోంచి నీరు ఊరి ఒళ్లు ఉబ్బేది, బీపీ పడిపోయేది. ఐసీయూ అందుబాటులో ఉండాల్సిందే. 1992లో అమెరికా ఆ మందును కిడ్నీ క్యాన్సర్‌కు అనుమతించింది. పరీక్షల్లో 255 మందికి ఇస్తే, గడ్డలు తగ్గింది సుమారు ఏడుగురిలో ఒకరికే. అయితే గడ్డలు పూర్తిగా మాయమైన ఆ కొద్దిమందిలో చాలామందికి ఏళ్ల తరబడి జబ్బు తిరగబెట్టలేదు. నా లెక్కలో ఈ చరిత్రకు అసలు మలుపు ఇదే, తర్వాత వచ్చిన నోబెల్ కాదు.

ఆ నోబెల్ 2018లో జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు దక్కింది. టీ కణాలకు ఒంట్లోనే కళ్లేలున్నాయని, వాటిని వదిలితే క్యాన్సర్ మీదికి దూకుతాయని చూపినందుకు. కిడ్నీ క్యాన్సర్‌కు అలా కళ్లేలు వదిలే మందులొచ్చాయి: 2015లో నివోలుమాబ్, 2018లో దానికి జోడీగా ఇపిలిముమాబ్, 2021లో ఆపరేషన్ తర్వాత జబ్బు తిరగబెట్టకుండా పెంబ్రోలిజుమాబ్... అనుమతులు వరసకట్టాయి. 2025లో రోగి గడ్డలోని మార్పులను బట్టి తయారుచేసిన టీకా ఫలితాలూ వచ్చాయి. తీసుకున్న తొమ్మిది మందిలో ఎవరికీ అప్పటికి జబ్బు తిరిగి రాలేదు. తొమ్మిదంటే తొమ్మిదే, దండోరా వేయడానికి తొందరొద్దు.

ఒక చిక్కుముడి మాత్రం విడలేదు. చాలా క్యాన్సర్లలో గడ్డలోకి టీ కణాలు ఎక్కువగా చేరితే మంచి సూచన. కిడ్నీలో తరచూ దానికి విరుద్ధం. ఈ మందులు ఎవరికి పనిచేస్తాయో ముందే గట్టిగా చెప్పే పరీక్ష ఇంకా లేదు.

మన దగ్గర అంతకన్నా పెద్ద అడ్డంకి ధర. తల, మెడ క్యాన్సర్లలో నివోలుమాబ్ 20 మిల్లీగ్రాములే ఇచ్చినా ఆయుష్షు పెరిగిందని ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు చూపారు. మామూలు మోతాదు 240 కాబట్టి ఖర్చు బాగా తగ్గుతుంది. అలాంటి పరీక్షలు కిడ్నీ క్యాన్సర్‌లోనూ పెద్ద ఎత్తున జరగాలి. కంపెనీలు వాటికి డబ్బు పెడతాయని ఎదురుచూడటం దండగ, ప్రభుత్వమే పెట్టాలి.