సముద్రగర్భమున కాపురము

కొత్త వంతెన కట్టిన వెంటనే దానిమీద ప్రయాణికుల బండి నడపరు. ముందు బరువు బండ్లు నడిపి, కొలతలు తీసి, అధికారులు సంతకాలు చేసిన పిమ్మటనే పచ్చజెండా ఊపుతారు. రైల్వే గుమాస్తాలమైన మాకిది నిత్యము కాగితాలలో కనబడే సంగతి. సముద్రపు అడుగున కట్టడాలు కట్టదలచినవారు ఇటువంటి పరీక్షలు ఎట్లు చేశారో, అందుకు ఏమి వెల చెల్లించారో ఈ ఉగాదినాడు మన సంఘ కుటుంబాలవారితో ముచ్చటించదలచాము.

నీటిలో ప్రతి 33 అడుగుల లోతుకు మన ఒంటిపై మరొక వాతావరణపు ఒత్తిడి చేరుతుంది. ఆ ఒత్తిడిలో పీల్చిన వాయువు రక్తములోను, కండలోను కరిగిపోతుంది. మనిషి తొందరపడి పైకి వస్తే, మూత తీసిన సోడాబుడ్డిలో వలె ఒంట్లో బుడగలు లేస్తాయి. కీళ్లు పట్టుకుపోతాయి, ప్రాణమే పోవచ్చు. అందుచేత లోతున కొద్దిసేపు పని చేసినవాడు గంటల కొలది ఆగి ఆగి పైకి రావలసి వచ్చేది. ఇక అడుగున పునాది వేసేదెప్పుడు?

అమెరికా నౌకాదళ వైద్యుడు జార్జి బాండు 1957 నుండి ఈ చిక్కును పరిశోధించాడు. ఒళ్లు పట్టగలిగినంత వాయువు పట్టిన తరువాత ఇక ఎక్కదు. అప్పుడు ఒకనాడున్నా, నెలనాళ్లున్నా పైకి వచ్చుటకు పట్టే కాలము ఒక్కటే. కాబట్టి పనివానిని అడుగుననే కాపురముంచితే సరి! ఈ సూత్రమును ముందు జంతువులపైన, తరువాత ఒత్తిడి గదులలో మనుష్యులపైన పరీక్షించారు.

1962లో ఫ్రాన్సు దేశస్థుడు కూస్తో మార్సేలు దగ్గర 33 అడుగుల లోతున ఇద్దరిని వారము రోజులుంచాడు. 1964లో అమెరికావారు సీల్యాబ్ అనే ఉక్కు ఇంటిని బెర్ముడా దగ్గర 192 అడుగుల లోతుకు దించి, నలుగురిని 11 రోజులుంచారు. 1965లో కాలిఫోర్నియా తీరమున 205 అడుగుల లోతున రెండవ ఇల్లు వెలసినది. అందులో వ్యోమయాత్రికుడు స్కాట్ కార్పెంటరు 30 రోజులున్నాడు. హీలియము కలిసిన గాలిలో వారి మాట బాతు అరుపువలె మారేది. చలి ఎముకలు కొరికేది. వెచ్చని దుస్తులు, పనిముట్లు అక్కడనే పరీక్షించారు. టఫీ అనే డాల్ఫిన్ వారికి సామాను మోసినది. ఆ ఏడే కూస్తో మనుష్యులు 330 అడుగుల లోతున నమూనా నూనెబావి యంత్రముపై పనిచేసి చూపారు.

1969 ఫిబ్రవరిలో మూడవ సీల్యాబును 610 అడుగుల లోతుకు దించారు. ఇంటినుండి వాయువు కారసాగినది. బాగుచేయ దిగినవారిలో బెర్రీ కానన్ అనే 33 ఏండ్ల ఇంజనీరు ప్రాణము విడిచాడు. శ్వాసలోని బొగ్గుపులుసు వాయువును పీల్చివేయవలసిన మందు ఒక శ్వాసపరికరములో వేయనేలేదని విచారణలో తేలినది. ఆ పథకము అంతటితో ఆగినది.

ఎంత ఏర్పాటు, ఎంత విద్య! ఒక డబ్బాలో మందు ఉన్నదో లేదో చూచే దగ్గర తప్పినది. ఆయన మా ఈడువాడే. చూడవలసిన కాగితమును చూడకుండ సంతకము చేసిన రోజులు మాకును లేకపోలేదు. ఇది తెలిసిన తరువాత మా కలము కొంత నిదానించినది.

ఆ పరీక్షలు వృథా కాలేదు. ఆ పద్ధతిననే నూనెబావుల దగ్గర మునిగేవారు నేటికిని పనిచేస్తున్నారు. మన యానాము దాపున గాడిమొగకు 2009లో సముద్రగర్భపు సహజవాయువు గొట్టాల గుండా చేరినది. ఆ బావులున్న లోతు మనిషి దిగగలిగినది కాదు. అక్కడ పైనుండి నడిపే యంత్రాలే మరలు బిగిస్తాయి. అయినను యంత్రమును దించేముందు ఒక్కొక్క మరను తడిమి చూచే మనిషి చేయి ఒకటి ఉండవలసినదే.