పరామితుల విచరణ పద్ధతి

పరామితుల విచరణ పద్ధతి అనేది అసమఘాత ఏకఘాత అవకలన సమీకరణాలకు ప్రత్యేక సాధనను కనుగొనే పద్ధతి. దీనిని ద్వితీయ పరిమాణ సమీకరణాలకు ఎక్కువగా వాడతారు. గుణకాలు స్థిరరాశులై, కుడివైపు బహుపదులు, ఘాత ప్రమేయాలు, సైన్, కాస్ వంటివి ఉంటే సాధన రూపాన్ని ముందే ఊహించవచ్చు. టాన్, సెక్ వంటివి వచ్చినపుడు ఆ ఊహ సాగదు. అప్పుడు ఈ పద్ధతి అవసరమవుతుంది.

చరిత్ర

ఈ పద్ధతి ఖగోళశాస్త్రంలో పుట్టింది. సూర్యుని ఆకర్షణ ఒక్కటే ఉంటే గ్రహగమనాన్ని ఆరు స్థిరరాశులు పూర్తిగా నిర్ణయిస్తాయి. ఇతర గ్రహాల ఆకర్షణ వలన గ్రహం ఆ దీర్ఘవృత్తం నుండి కొద్దిగా తొలగుతుంది. ఇందుకోసం కొత్త వక్రాన్ని వెదకకుండా, ఆ స్థిరరాశులే కాలంతో పాటు నెమ్మదిగా మారుతున్నాయని భావించారు. గురు, శని గ్రహాల పరస్పర ప్రభావాన్ని పరిశీలిస్తూ 1748లో లియొనార్డ్ ఆయిలర్ ఈ ఆలోచనను ప్రతిపాదించాడు. జోసెఫ్ లూయీ లాగ్రాంజ్ దీనిని విస్తరించి, 1808-1810 మధ్య పూర్తి రూపానికి తెచ్చాడు. పద్ధతి పేరులోని పరామితులు ఇలా మారే స్థిరరాశులే.

విధానం

చలరాశి ట, దాని ప్రమేయాలు ప, గ, ఫ అనుకుంటే సమీకరణం:

య″ + ప య′ + గ య = ఫ

ఇక్కడ య″ గుణకం 1 కావాలి. కాకపోతే ముందుగా సమీకరణాన్ని ఆ గుణకంతో భాగించాలి. ఈ మెట్టు మరచిపోతే ఫ విలువ తప్పి, మిగిలిన లెక్కంతా తప్పుతుంది.

కుడివైపు 0 ఉన్నపుడు వచ్చే రెండు స్వతంత్ర సాధనలు య₁, య₂ అనుకుందాం. వాటి ముందు ఉండే స్థిరరాశుల స్థానంలో వ₁, వ₂ అనే ప్రమేయాలను ఉంచి య = వ₁య₁ + వ₂య₂ అని తీసుకుంటారు. తెలియని ప్రమేయాలు రెండు, సమీకరణం ఒక్కటే. కనుక ఇంకొక నియమాన్ని మనమే విధించవచ్చు:

వ₁′య₁ + వ₂′య₂ = 0

పాఠ్యపుస్తకాలలో ఈ నియమం ఆకాశం నుండి ఊడిపడినట్లు కనిపిస్తుంది. నిజానికి ఇది వ₁, వ₂ ల రెండవ అవకలజాలు రాకుండా చేసే సౌకర్యం మాత్రమే. ఇప్పుడు అసలు సమీకరణంలో ప్రతిక్షేపిస్తే వ₁′య₁′ + వ₂′య₂′ = ఫ మిగులుతుంది. ఈ రెండింటినీ సాధిస్తే,

వ₁′ = −య₂ఫ / ర, వ₂′ = య₁ఫ / ర

ఇందులో ర = య₁య₂′ − య₂య₁′. ఈ నిర్ధారకాన్ని పోలెండ్ గణితవేత్త వ్రాన్‌స్కీ పేరుతో వ్రాన్‌స్కియన్ అంటారు. ప, గ స్థిరరాశులు కానపుడు అసలు కష్టం య₁, య₂ లను కనుగొనడంలోనే ఉంటుంది. అందుకు ఈ పద్ధతి సాయపడదు.

ఉదాహరణ

య″ + య = సెక్ ట. ఇక్కడ య₁ = కాస్ ట, య₂ = సైన్ ట, ర = 1. కనుక వ₁′ = −టాన్ ట, వ₂′ = 1. సమాకలనం చేస్తే వ₁ = లాగ్ |కాస్ ట| (సహజ సంవర్గమానం), వ₂ = ట. ప్రత్యేక సాధన:

య = కాస్ ట · లాగ్ |కాస్ ట| + ట · సైన్ ట

కాస్ ట శూన్యం కాని అంతరాలలోనే ఇది వర్తిస్తుంది.